నలభై మూడు ‘లేదు’లు

ఆమె కోపం గురించి ఆ ల్యాబులో చాలా కథలు చెప్పుకునేవారు. వాటిలో సగం నిజం. తలుపు తట్టకుండా పరికరం గదిలోకి వచ్చి లైటు వేసిన ఇంజనీరుని వరండా చివరిదాకా తిడుతూ సాగనంపిందన్నది నిజం. అతను మర్నాడే ఉద్యోగం మానేశాడన్నది కల్పన. ఇంకో ఏడు నెలలు చేశాడు, కాకపోతే ఆ గదివైపు వెళ్లాల్సి వస్తే ముందు గట్టిగా దగ్గేవాడు. “లైటాపండి!” అన్న కేక ఆ గదిలోంచి రోజుకి నాలుగైదుసార్లు వినబడేది కాబట్టి ఆమెకి చీకటమ్మ అని పేరు పడింది. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత ఎదుటే అన్నారు. ఆమె పలికేది.

ఆ గదిలో పని నీళ్లని పరీక్షించడం. నీళ్లని సన్నని తుంపరగా చేసి విపరీతమైన వేడిలోకి చిమ్ముతారు. అందులో ఏ లోహం ఉన్నా ఆ వేడికి తనదైన వెలుగు ఇస్తుంది. రాగిది ఒక వెలుగు, ఇనుముది ఒకటి, సీసానిది ఒకటి. సీసం వెలుగు మనిషి కంటికి ఆనదు. తాగేనీళ్లలో కలిసే కాసింత సీసానిదైతే ఉందా లేదా అన్నట్టుంటుంది. దాన్ని పట్టుకుని అంకెగా మార్చేది డిటెక్టరు. కాగితాల మీద దానికి ఎంత పొడుగు పేరున్నా ల్యాబులో అందరూ ‘కన్ను’ అనే అనేవారు.

చీకటమ్మ దగ్గరున్న కన్ను బొటనవేలంత గాజు గొట్టం. ఇరవై రెండేళ్ల కిందటిది. రవ్వంత వెలుగు తగిలినా లోపల లక్షల రెట్లు పెంచి చూపిస్తుంది. అంత చూపున్నదానికి ఆ చూపే ముప్పు. కరెంటు మీద ఉండగా మూత తీస్తే, గదిలో మామూలు వెలుతురుకే దాని పని అయిపోతుంది. కొన్ని అక్కడికక్కడే చచ్చిపోతాయి. బతికినవి రోజుల తరబడి ఏమీ లేనిచోట ఏదో ఉందని పిచ్చి అంకెలు చూపిస్తాయి. మూత తీయగానే కరెంటు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉండేది కానీ అది చెడిపోయి పదేళ్లైంది. బాగు చేయించమని ఆమె ఏటా రాసేది. ఏటా ఎవరో “చూద్దాం” అని రాసేవారు. చివరికి ఆమె మూత మీద పెద్దక్షరాలతో చీటీ అంటించింది: “స్విచ్చి ఆపకుండా దీన్ని ముట్టుకున్నవాళ్లు నా చేతిలో అయిపోతారు.” ఆఫీసు సామాను మీద అలా రాయకూడదని ఒకసారి తాఖీదు వచ్చింది. ఆ తాఖీదుని చీటీ పక్కనే అంటించింది.

ఆమె ఆ ల్యాబులో చేరింది గాజు సామాను కడగడానికి, పంతొమ్మిదేళ్లప్పుడు. ఆమ్లంతో కడిగి, మూడుసార్లు శుద్ధజలంతో తొలిచి, బోర్లించడం. ఒకరోజు అప్పటి పెద్ద కెమిస్టు ఒక బీకరు తెచ్చి, “ఇది నువ్వు కడిగిందేనా? ఇందులో ఏ లోహమూ లేని సున్నా నీళ్లు పోస్తే సీసం చూపిస్తోంది” అని అరిచాడు. ఆమె ఏడవలేదు. “అయితే నా చెయ్యి కాదు సార్, మీ నీళ్ల డబ్బా అయ్యుంటుంది, చూడండి” అంది. చూశారు. డబ్బాయే. అప్పటినుంచి ఆయనే ఆమెను సాయంత్రం తరగతులకి పంపించి, పరీక్షలు రాయించి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. ఆయన నేర్పినవాటిలో ఆమె రోజూ తల్చుకునేది ఒకటే. ఏమీ లేని నీళ్లు పెట్టినా అంకె కొంచెం కదలాలి. ఒకసారి రెండు, ఒకసారి మైనస్ ఒకటి, ఒకసారి అర. ఆ వణుకు ఎంతో తెలిస్తేనే ఆ కన్ను ఎంత చిన్నదాన్ని చూడగలదో తెలుస్తుంది.

ఆ సంగతి ముప్పై ఎనిమిదేళ్లు తలలో పెట్టుకుని తిరిగిన మనిషి, కరెక్టుగా కావాల్సినప్పుడు మర్చిపోయింది. ఆమె జన్మలో దేనిమీదా పడనంత కోపం అందుకే పడింది, అదీ తనమీద.

జరిగింది ఇది. పంటినొప్పికి ఆమె ఒక్కరోజు సెలవు పెట్టింది. మర్నాడు దవడ వాచి, దూది కరిచిపట్టుకుని వచ్చేసరికి గాజుకన్ను పిచ్చెక్కినట్టు అంకెలు చూపిస్తోంది. సున్నా నీళ్లకి నలభై, మళ్లీ పెడితే డెబ్బై. డైరెక్టరు తలుపు దగ్గర నిలబడి, “ముసలిది కదమ్మా, పోయింది. ఎన్నాళ్లని నెట్టుకొస్తాం?” అన్నాడు సానుభూతిగా. ఆ వారంలోనే కొత్త పరికరం వచ్చింది. కొనలేదు. నచ్చితే కొనమని కంపెనీవాళ్లు రెండు నెలలు వాడుకోడానికి ఇచ్చారు. అందులో గొట్టం లేదు, గోరంత సిలికాన్ ముక్క. అన్ని లోహాల వెలుగూ ఒకేసారి చూస్తుంది, మూత తీసినా చావదు, లైటు ఆపక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్డు పక్కనున్న కాలనీ నుంచి నీళ్లు వచ్చాయి. నలభై మూడు ఇళ్ల బోర్లు, నలభై మూడు బాటిళ్లు. వందకోట్ల పాళ్ల నీళ్లలో పది పాళ్లకి మించి సీసం ఉండకూడదని లెక్క. కొత్త పరికరం నలభై మూడింటినీ ఒక్క పూటలో నమిలేసి, అన్నిటికీ సున్నా అంది. రిపోర్టుల్లో ఆ గడిలో ‘లేదు’ అని పడింది. చీకటమ్మ దవడ పట్టుకుని నలభై మూడు సంతకాలు పెట్టింది. ఆ రోజు ఎవరిమీదా అరవాల్సిన పని పడలేదు. ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

ఐదు వారాలు గడిచాక డైరెక్టరు పిలిచి, “కొనేముందు పాతదానికీ కొత్తదానికీ పోలిక రాయాలి, అది మీరే రాయాలి. మీరు రాస్తే ఎవరూ నోరెత్తరు” అన్నాడు. అది మెప్పో ఎరో ఆమెకి తెలియలేదు. సరే అంది.

పోలిక అంటే మొదటి మెట్టు సున్నా నీళ్లే. శుద్ధజలం పెట్టి పదిసార్లు చదివించింది. సున్నా. సున్నా. సున్నా. పదిసార్లూ సున్నా. ఇంకో పదిసార్లు చదివించింది. తెర మీద అంకె చచ్చిన చేపలా అలాగే పడుంది. చీకటమ్మ తెర దగ్గరికి వంగింది. మనిషి నిద్రపోతున్నా ఊపిరి ఆడుతుంది కదా! కదలనే కదలకపోతే అది నిద్ర ఎలా అవుతుంది?

ఐదు పాళ్ల సీసం కలిపిన నీళ్లు పెట్టింది. సున్నా. పది పాళ్లవి. సున్నా. పదిహేను. సున్నా. ఇరవై ఐదు పెట్టింది. టక్కుమని ఇరవై ఐదు చూపించింది, బుద్ధిమంతురాలిలా.

కంపెనీ మనిషికి ఫోను చేసింది.

“బాబూ, మీ దానికి ఇరవై కిందున్నవి కనబడవా?”

“కనబడతాయి మేడమ్, ఎందుకు కనబడవు? చూపించదు అంతే.”

“అంటే?”

“చిన్న అంకెలు అటూ ఇటూ ఊగుతాయి కదా మేడమ్, మైనస్‌లు కూడా వస్తుంటాయి. కస్టమర్లు కంగారుపడి ఫోన్లు చేస్తారని ఫ్యాక్టరీలోనే ఇరవై కిందవన్నీ సున్నా చేసి పంపిస్తాం. గనుల వాళ్లు, ఉక్కు వాళ్లు ఎక్కువ కొంటారు. వాళ్లకి ఇరవై ఒక లెక్కా! తెర నీటుగా ఉంటుంది.”

“నీటుగానా?” అంది చీకటమ్మ. గొంతు పెరగలేదు. పక్కగదిలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు, అరిచినప్పటికంటే అదే ఎక్కువ భయమేసిందని. “నాయనా, ఇది తాగేనీళ్లు చూసే ల్యాబు అని బయట బోర్డు ఉంది. నువ్వు చదవలేదా, చదువు రాదా?”

“సెట్టింగ్ మార్చుకోవచ్చు మేడమ్. పుస్తకంలో నూట పన్నెండో పేజీలో ఉంటుంది.”

“నూట పన్నెండో పేజీలో పెట్టావా! మొదటి పేజీలో ఏం పెట్టావు, మీ కంపెనీ వాళ్లు నవ్వుతూ దిగిన ఫొటోనా?”

అతను ఏదో అనబోయాడు. ఆమె పెట్టేసింది. నూట పన్నెండో పేజీ చూసింది. ఉంది, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. కోపం కంపెనీ మనిషి మీద కాసేపు నిలబడి, మెల్లిగా ఇటు తిరిగింది. నలభై మూడు ఇళ్ల బోర్లు, నలభై మూడు లోతులు, షెడ్డుకి ఒకటి దగ్గర, ఒకటి దూరం. అన్నీ ఒకేలా సున్నా ఎలా వస్తాయే, బుద్ధిలేనిదానా? కడిగిన బీకర్లు కూడా అంత ఒకేలా ఉండవే! పంటినొప్పి సంతకాలు పెట్టిందా, నువ్వు పెట్టావా?

లేచి స్టోరుకి పరుగెత్తింది.

స్టోరు కీపరు ఆమె కంటే రెండేళ్లు చిన్న, తమ్ముడి వరస కలుపుకున్నవాడు. పరీక్ష అయిన బాటిళ్లు నలభై రోజులు ఉంచి పారబోయడం అక్కడ పద్ధతి. ఆమె వెళ్లేసరికి అతను కాలనీ బాటిళ్ల పెట్టెలు సింకు పక్కన దించి, మొదటిదాని మూత తిప్పుతున్నాడు.

“దించు! చెయ్యి తియ్యి దాని మీంచి!”

“అమ్మో, ఏంటక్కా! గుండె ఆగిపోయేలా!”

“ఎన్ని పారబోశావు?”

“ఒక్కటీ పొయ్యలేదు. ఇప్పుడే కదా మొదలుపెట్టింది. నలభై రోజులు ఎల్లుండికి, పెట్టెలు ఖాళీ కావాలన్నారని...”

చీకటమ్మ పెట్టె మీద కూలబడి సంగతి చెప్పింది. అతను విన్నాడు. విని, చెవి గోక్కుంటూ గోడకేసి చూశాడు.

“అక్కా, ఒకటి చెప్తాను, నన్ను కొట్టకూడదు.”

“చెప్పు, తర్వాత చూద్దాం.”

“నువ్వు పంటికి సెలవు పెట్టిన రోజు డైరెక్టరుగారు ఆ కంపెనీ మనిషిని తీసుకొచ్చి నీ గది చూపించారు. ‘ఇంకా ఈ గాజు గొట్టంతో కాపురం చేస్తున్నాం’ అని నవ్వుతూ మూత ఎత్తారు. పరికరం నడుస్తూనే ఉంది. నేను చీటీ చూపించబోయాను. ఆయన నీ చీటీ చదివి ఇంకా నవ్వారు.”

“ఈ నెలన్నరా నోట్లో ఏం పెట్టుకున్నావురా?”

“నువ్వు ఆయన్ని ఏం చేస్తావో అని భయపడ్డానక్కా. నీకింకా ఏడాది సర్వీసుంది.”

ఆమె అతన్ని కొట్టలేదు. మనుషుల మంచితనం మీద కూడా కోపం వస్తుందని ఆమెకి ఆ పూటే తెలిసింది.

గాజుకన్ను చచ్చిందనుకుని అందరూ వదిలేశారు కాబట్టి ఐదువారాలూ అది కరెంటు లేకుండా, మూతకింద, కటికచీకట్లో పడుంది. ఆ జబ్బుకి మందు అదే. డైరెక్టరు మూత ఎత్తిన రోజు కిటికీకి తెర వేసి ఉండటం దాని అదృష్టం. ఆమె స్విచ్చి వేసి, రెండు గంటలు ఆగి, సున్నా నీళ్లు పెట్టింది. ఒకటి. మైనస్ ఒకటిన్నర. అర. రెండు. ఐదు పాళ్లవి పెట్టింది. నాలుగున్నర, ఆరు, ఐదు. అంకె వణుకుతూనే ఉంది, కానీ ఐదుని ఐదులాగే చెబుతోంది. చీకటమ్మ స్టూలు మీద కూర్చుని, చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

రెండు రోజుల్లో నలభై మూడు బాటిళ్లూ మళ్లీ చూసింది. ఒక్కోటి మూడుసార్లు, మధ్యమధ్య సున్నా నీళ్లు. ముప్పై రెండు పదికి లోపలే ఉన్నాయి. పదకొండు లేవు. పన్నెండు, పద్నాలుగు, పదిహేడు. షెడ్డు గోడకి ఆనుకున్న ఇంటిది పందొమ్మిది. అన్నీ ఇరవై లోపే. కొలిచి దాచిపెట్టినట్టు ఆ నీటు తెర కింద సరిగ్గా సరిపోయాయి.

ఆ సాయంత్రం భర్త కుట్టు మిషను మీద తల వంచుకుని చొక్కా చేతులు కుడుతున్నాడు. ఆయన దర్జీ. ఆమె కోపాన్ని ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాడు కాబట్టి, ముందు మిషను ఆపి తర్వాత పలకరిస్తాడు.

“ఇవాళ ఎవరి వంతు?” అన్నాడు.

“నాదే” అంది.

ఆయన కళ్లద్దాలు తీశాడు. అలాంటి జవాబు ఎప్పుడూ వినలేదు. అంతా విని, నూలుకండె పక్కన పెట్టాడు. “కొలత తప్పు తీసుకుంటే బట్ట విప్పుతాం. ఎవరి కొలతా అని కాదు, తొడుక్కునేవాడికి పట్టాలి కదా” అన్నాడు. మళ్లీ తానే, “నీకు నేను చెప్పేదేముందిలే” అని మిషను తొక్కాడు. ఆమె అన్నం ముద్దలు కెలికి లేచింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు బల్ల మీద రెండు కాగితాల కట్టలు పెట్టింది. మొదటిది పోలిక. అందులో కొత్త పరికరాన్ని ఉతికి ఆరేసి ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఆమెకీ అలాగే రాయాలనుంది. కానీ అంకెలు ఒప్పుకోలేదు. మట్టికీ, ఖనిజానికీ, లోహాలు ఎక్కువుండే దేనికైనా కొత్తది పాతదానికంటే నాలుగింతలు మేలు. రోజంతా నడిచినా జారదు, పది లోహాలు ఒక్కసారి చెబుతుంది. సెట్టింగ్ మార్చి చూసినా దాని వణుకు పన్నెండు పాళ్లుంది కాబట్టి తాగేనీళ్లలో సీసానికి మాత్రం పనికిరాదు. అదంతా ఆమె పళ్లు కొరుక్కుంటూ రాసింది, మేలన్న మాట కూడా కొట్టెయ్యకుండా.

ఆయన చదివి తేలికపడ్డాడు. “చాలా న్యాయంగా రాశారమ్మా. రెండూ ఉంచుకుందాం.” రెండో కట్ట తిరగేశాడు. ముఖం మారింది. “ఇవేంటి?”

“సవరణ రిపోర్టులు సార్. పదకొండు ఇళ్లవి. ఇవాళే వెళ్లాలి.”

“అలా ఎలా పంపుతాం? ముందు లేదన్నాం, ఇప్పుడు ఉందంటే ల్యాబు పరువేం కాను? మూడు నెలలకోసారి ఎలాగూ నీళ్లు తీస్తాం. అప్పుడు కొత్తగా దొరికినట్టు రాద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

“మూడు నెలలు ఆ నీళ్లు ఎవరు తాగుతారు సార్?”

“మీరు అన్నిటికీ అలా ఆవేశపడితే...”

“ఆవేశమా?” చీకటమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. “మీరు మూత ఎత్తిన రోజు నేనుండి ఉంటే తెలిసేది ఆవేశమంటే ఏమిటో. చీటీ చదివి నవ్వారట కదా! నవ్వండి. ఆ నవ్వుకి నా కన్ను పోయింది, కన్ను పోతే ఈ నీటుగాడొచ్చాడు, వీడు లేదన్నాడు, నేను తందానా అని సంతకం పెట్టాను. మీ తప్పు మీ దగ్గర పెట్టుకోండి, నేను ఎవరికీ చెప్పను. నా తప్పు మాత్రం నా దగ్గర ఉండనివ్వను. నలభై మూడు కాగితాల మీద ఉన్నది మీ పేరు కాదు, నాది.”

బయట వరండాలో టైపు చప్పుడు ఆగిపోయింది.

డైరెక్టరు ఎర్రబడ్డాడు. రెండో కట్టని ఆమె వైపు తోశాడు. “పరీక్ష చేసినవాళ్లు సవరణ ఇవ్వచ్చని రూల్సులో ఉంది, కాదనను,” అన్నాడు. “కానీ ల్యాబు మనిషిని పంపను, ల్యాబు బండి ఇవ్వను. మీకంత పట్టుదలైతే మీరే పంచుకోండి.”

“అలాగే,” అంది, కట్ట తీసుకుని.

కాలనీకి బస్సులో వెళ్లింది. దిగాక దారంతా మాటలు కూర్చుకుంది. కంపెనీ గురించి, సెట్టింగ్ గురించి, నూట పన్నెండో పేజీ గురించి. మొదట షెడ్డు గోడకి ఆనుకున్న ఇంటికే వెళ్లింది, పందొమ్మిది ఉన్నదానికి. గేటు లోపల ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. వెనక మూడేళ్ల పిల్ల బకెట్లో చేతులు ముంచి ఆడుకుంటోంది. చీకటమ్మ కాగితం ఇచ్చి, నీళ్లలో సీసం ఉందనీ, ఆ నీళ్లు తాగడానికీ వంటకీ వాడొద్దనీ, కాచినా పోదనీ చెప్పింది.

ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, లోపలికి వెళ్లి ఇంకో కాగితం తెచ్చింది. పాతది. చెమ్మ తగలకుండా సంచిలో పెట్టి దాచుకుంది.

“ఇందులో లేదని ఉంది కదా?”

“తప్పండి అది.”

“తప్పా?” ఆవిడ చేతిలోని తడిబట్ట కింద పడింది. “ఇది వచ్చేదాకా మేం బయట ట్యాంకరు నీళ్లే తెచ్చుకున్నాం, తెలుసా మీకు? వీధి చివరనుంచి బిందెలు మోసి నా నడుం పోయింది. ఇది చూసే కదా మానేశాం! లేదు అని మీరు రాసిస్తేనే కదా ఈ పిల్లకి ఈ నీళ్లు పట్టాను! నెలరోజులు! నెలరోజుల తర్వాత వచ్చి తప్పండి అంటారా? మీకు పిల్లల్లేరా? ఎవరండీ రాసింది ఇది? ఎవరిదీ సంతకం?”

నూట పన్నెండో పేజీ చీకటమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

“నాదే” అంది.

ఆవిడ అందుకుంది, ఆగకుండా. చదువుకున్నవాళ్లని తిట్టింది, ఆఫీసుల్ని తిట్టింది, ఫ్యాను కింద కూర్చుని కాగితాలు నింపేవాళ్లని తిట్టింది, షెడ్డువాణ్ణి తిట్టింది, మళ్లీ ఈమెని తిట్టింది. చీకటమ్మ నిలబడి విన్నది. ఆ కోపంలో తప్పు పట్టడానికి ఒక్క అంకె కూడా దొరకలేదు ఆమెకి.

“పిల్లకి రక్తపరీక్ష చేయించండి,” అంది, ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు. “ఎక్కడ చేస్తారో కాగితం వెనక రాశాను. రేపు పొద్దున నేనూ వస్తాను.”

“మీరెందుకు?”

“ఎంత వచ్చిందని వాళ్లు చెప్పే అంకె సరిగ్గా ఉందో లేదో అడగడానికి.”

ఆవిడ పిల్లని బకెట్టు దగ్గరనుంచి లాగి చంకనేసుకుంది. పిల్ల చేతులు తన చీరకే గట్టిగా తుడిచింది. తర్వాత ఆవిడ చీకటమ్మ చేతిలో మిగిలిన పది కాగితాలకేసి చూసింది.

“పక్కింటిది కూడా ఉందా అందులో?”

“ఉంది. పదిహేడు.”

“పక్కింటమ్మాయికి నెలలు నిండుతున్నాయి,” అంది ఆవిడ. గేటు తోసుకుని బయటికొచ్చి ముందు నడిచింది. “రండి. నేను చెప్పను. నా ఎదురుగా మీరే చెప్పాలి.”

చీకటమ్మ కట్టలోంచి పదిహేడు ఉన్న కాగితం పైకి తీసి పట్టుకుని, ఆమె వెనకే వెళ్లింది.